క్రియ లేని చీటీలు

రాయాలనుకునే ప్రతివాడికీ పెద్దలిచ్చే మొదటి సలహా, జేబులో ఎప్పుడూ ఓ చిన్న పుస్తకం పెట్టుకోమని. పెద్దలు ఏ చొక్కా వేసుకుని ఈ మాట చెప్పారో గానీ, ఆలోచనలకు జేబుల్లేని వేళలంటేనే మక్కువ. తలకి కుంకుడు రసం పట్టించి కళ్లు గట్టిగా మూసుకున్నప్పుడు కథకి ముగింపు తడుతుంది. రెండు చేతులూ బండి హ్యాండిల్ మీద ఉండి, వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యనప్పుడు, ఏడాదిగా మాట్లాడని పాత్ర గబుక్కున నోరు విప్పుతుంది. అదే, తీరిగ్గా బల్ల దగ్గర కూర్చుని, డైరీ తెరిచి, పెన్ను మూత తీశామనుకోండి, కరెంటు బిల్లు కట్టలేదని గుర్తొస్తుంది.

పోనీ పెన్నయినా రాస్తుందా? ఇంట్లో స్టాండు నిండా పెన్నులే. రాసేది ఒక్కటీ ఉండదు. అయినా పారెయ్యం. విదిలిస్తాం, నోటి ఆవిరి పడతాం, అరచేతుల మధ్య దొర్లిస్తాం, చివరికి భద్రంగా మళ్లీ ఆ స్టాండులోనే పెడతాం. ఈ క్రతువంతా అయ్యేసరికి వచ్చిన ఆలోచన వచ్చిన దారినే పోతుంది.

ఫోన్లో చెప్పుకుంటే పోలా అన్నాడు మావాడు. అదీ అయింది. అర్ధరాత్రి దుప్పట్లో దూరి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది" అని గుసగుసలాడే మగాణ్ణి ఏ ఇల్లాలూ సాహిత్యవేత్త అనుకోదు. లైటు వెలిగింది. "ఎవరండీ ఆమె?" అని అడిగింది మా ఆవిడ. కథలో మనిషి అంటే, "అయితే పొద్దున్న లేచాక వెళ్లమనండి" అని లైటార్పేసింది. అప్పట్నుంచీ తలగడ కింద చీటీలూ ఓ పెన్సిలూ ఉంచుతున్నాను. పెన్సిలుకి నోటి ఆవిరి అక్కర్లేదు.

అలా చీకట్లో రాసిన చీటీ ఒకటి ఓ ఆదివారం కాఫీల వేళ ఇంటిల్లిపాదికీ చిక్కింది. దాని మీద మూడే ముక్కలు: "లిఫ్టులో గేదె. మామగారు." కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. అంటే మామూలు ఆలోచన కాదన్నమాట. అదేమిటో మాత్రం ఆ రాసిన మహానుభావుడు నిద్రతోపాటే తీసుకుపోయాడు.

"మా నాన్నగారేం చేశారండీ మిమ్మల్ని?" అంది మా ఆవిడ, కాఫీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి.

మావాడు మెట్ల దాకా వెళ్లి లిఫ్టులో బోర్డు చూసొచ్చాడు. "ఆరుగురు, 408 కిలోలు అని ఉంది నాన్నా. బాగా మేసిన ముర్రా గేదె ఒక్కటే అంతకన్నా ఎక్కువ తూగుతుంది. తాతగారికి చోటెక్కడ?"

మా అమ్మ ఊరుకుంటుందా? "గృహప్రవేశం అయ్యుంటుందిరా. ఐదో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. ఆవుని తిప్పాలని పట్టుబట్టాడు మామగారు. బస్తీలో ఆవు ఎక్కడ దొరుకుతుంది? అల్లుడు గేదెని తోలుకొచ్చాడు. అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. కింద ముహూర్తం దాటిపోతోందని పంతులుగారి కేకలు..."

అసలు కథేమిటో ఈనాటికీ తెలీదు గానీ, మా అమ్మ చెప్పినంత బాగా ఉండి ఉండదు.

ఈ రోగం నా ఒక్కడిదే అనుకుని కొన్నాళ్లు దిగులుపడ్డాను. కాదని తర్వాత తెలిసింది. ఆస్ట్రియాలో గ్రాజ్ పట్నంలో ఒట్టో లోవీ అని ఓ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయనకి ఓ రాత్రి కలలో గొప్ప ప్రయోగం తట్టింది. లేచి చీటీ మీద గిలికి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. ఆ పగలంతా ఎలా గడిచి ఉంటుందో నేను చెప్పగలను. మర్నాటి రాత్రి మూడింటికి మళ్లీ అదే ఆలోచన వచ్చింది. ఈసారి ఆయన పెన్సిలు జోలికి పోలేదు, నేరుగా ప్రయోగశాలకే పోయాడు. ఒక కప్ప గుండెని నరం ద్వారా నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని ఇంకో గుండెకి తగిలిస్తే అదీ నెమ్మదించింది. నరాలు రసాయనాలతో కబురు పంపుతాయని అలా తేలింది. 1921లో అచ్చయిన ఆ పనికి 1936లో నోబెల్ బహుమతి. నాకు ఆ గేదె రెండోసారి రాలేదు. అంతే తేడా.

లోవీ సంగతి ఏమో గానీ, మనవాళ్లకి ఇంకో చిక్కుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. నిద్ర దానికన్నా ముందొస్తుంది. గేదె ఎక్కిందా, దిగిందా, మామగారు తోశారా, తిట్టారా అన్నది ఆ రానే రాని క్రియలో ఉంటుంది. కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో ఒకటే నిబంధన: క్రియ లేని చీటీ చెల్లదు. ముందు గేదె చేత ఏదో ఒకటి చేయించు, తర్వాత పడుకో.

లెక్కల రామానుజన్ కూడా అలా ముక్కలుగానే రాశాడు కదా అనొచ్చు మీరు. కాగితం ఖరీదని పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితం ఒక్కటే నోటు పుస్తకంలోకి ఎక్కించేవాడు. నిజమే. ఆ పుస్తకాల్లోని మూడు వేల పైచిలుకు ఫలితాలకి దారి వెతుక్కుంటూ బ్రూస్ బెర్న్ట్ అనే ప్రొఫెసరు 1985 నుంచి 1998 దాకా ఐదు సంపుటాలు వేశాడు. నా గేదె కోసం ఏ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ని ఇస్తుంది?

నోటు రాయడంలో అసలు పండితులు మా వంటింట్లో ఉన్నారు. గోడ క్యాలెండరు చూడండి. తిథికీ రాహుకాలానికీ మధ్య మిగిలిన గోరంత జాగాలో "పాలు ½", "గ్యాస్", "పనమ్మాయి నాగా". ఒక్కటీ పూర్తి వాక్యం కాదు, అయినా మా ఆవిడ ఆర్నెల్ల తర్వాత కూడా లెక్క తప్పదు. ఎందుకంటే అక్కడ తేదీ అచ్చేసి ఉంది, పైగా నెలాఖరున పాలవాడు వస్తాడు. వాడొస్తాడు కాబట్టి ఆమె చదువుతుంది. నా చీటీల కోసం ఏ పాలవాడూ రాడు. జబ్బంతా అక్కడుంది. రాయడం అలవాటు చేసుకోమని చెప్పేవాళ్లే గానీ, మళ్లీ చదవడం సంగతి ఎవరూ ఎత్తరు. అన్నమయ్య సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించారు. అంతకు మించిన బ్యాకప్ ఏముంటుంది? అవీ తిరుమల ఆలయంలో ఓ అరలో శతాబ్దాలు పడున్నాయి. ఎవరో ఆ అర తలుపు తీశాక, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు కూర్చుని చదివితేనే మనకి పాటలయ్యాయి.

అందుకని ఆదివారం ఆదివారం చీటీల డబ్బా బోర్లిస్తున్నాను. సగానికి పైగా చెత్తబుట్టకే. మిగిలినవి తేదీ వేసి నోటుబుక్కులోకి ఎక్కిస్తాను. ఈమధ్య ఆ పుస్తకంలో ఎర్ర సిరాతో వేరే చేతిరాత కనిపిస్తోంది. "ఇది పోయినేడే రాశారు." "ఈ పాత్రకి మా పిన్ని చీర కట్టారు, తీసెయ్యండి." "ఇది మా అన్నయ్య కథ. అచ్చేస్తే ఇంటికొచ్చి అడుగుతాడు." ఒక్కదానికీ క్రియ లోపించలేదు. గేదె పేజీలో మాత్రం రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, గేదె చివరికి దిగిందా అని. రెండోది, మామగారు ఇంకా అందులోనే ఉన్నారా అని.