పసుపెక్కని పల్నాడు

కంప్యూటర్ మ్యాపులో మాచర్ల మండలాన్ని ఎంచుకోవాలంటే మౌసుతో నొక్కితే చాలు, పసుపెక్కుతుంది. ఆ పనికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పైథాన్ స్క్రిప్టు రాసి, ‘సెలెక్ట్ బై ఎక్స్‌ప్రెషన్’ అంటూ షరతు పెట్టడం చాదస్తంలాగే కనిపిస్తుంది. కానీ పల్నాడు విషయంలో ఆ చాదస్తమే మేలంటాను. స్క్రిప్టుకు మొహమాటం లేదు. మనం అనుకున్నది కాదు, రాసిందే చేస్తుంది. కాలమ్ పేరుకు జంట కొటేషన్లు, విలువకు ఒంటి కొటేషన్లు పెట్టాలి. పొరపాటున మాచర్లకు జంటవి తగిలించారా, అది మాచర్ల అనే కాలమ్ కోసం వెతుకుతుంది. దొరకదు, ఒక్క మండలమూ పసుపెక్కదు. పౌరుషానికి పేరుమోసిన సీమ ఇంత అవమానానికీ కిక్కురుమనదు!

అసలు చిక్కు జిల్లా దగ్గరుంది. పల్నాడు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. 2011 జనాభా లెక్కల నాటి లేయర్‌లో ‘పల్నాడు’ అని అడిగితే సున్నా. పోనీ ‘గుంటూరు’ అంటే 57 మండలాలూ లేచి నిలబడతాయి. తెనాలి, రేపల్లె కూడా పల్నాటి వీరుల్లా పసుపు పూసుకుంటాయి. కాబట్టి 28 మండలాల పేర్లూ వరసగా రాయాల్సిందే. అక్కడ కారెంపూడి ఒకచోట కారంపూడి అవుతుంది, అక్షరం తేడా వస్తే మండలం గల్లంతు. జిల్లా గడి ఖాళీగా ఉన్న ఊరిది ఇంకో తంటా: ‘గుంటూరు’ అన్నా రాదు, ‘గుంటూరు కానిది’ అన్నా రాదు. పల్నాటి యుద్ధం భాషలో చెప్పాలంటే, అటు నాగమ్మ పక్షమూ కాదు, ఇటు బ్రహ్మనాయుడి పక్షమూ కాదు. దానికి వేరే షరతు రాయాలి.

ఇరవై ఎనిమిది నొక్కులకు ఇంత రాద్ధాంతమా అంటారు. మండలాలకైతే నిజమే, గ్రామాల లేయర్‌కు వేలు అరుగుతుంది. పైగా నొక్కినవాడు ఏది వదిలేశాడో రేపు అడగడానికి ఆధారముండదు; స్క్రిప్టయితే ఎదురుగా పెట్టుకుని పోట్లాడుకోవచ్చు. పేర్లు మానేసి కోడ్ నంబర్లు వాడొచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. వాడొచ్చు, అక్షర దోషాల బెడద తీరుతుంది. ఏ నంబర్లు పల్నాటివో మాత్రం మనమే తేల్చాలి. ఆ తేల్చిందేదో స్క్రిప్టు మొదటి వరసలోనే హ్యాష్ గుర్తు పెట్టి రాయడం మంచిది: 2022 నాటి జిల్లానా, గురజాల, మాచర్లల పాత పల్నాడా? రెండోదైతే కలెక్టరు కూర్చునే నరసరావుపేటే పసుపెక్కదు. ఆ మ్యాపును కలెక్టరేట్ గోడకు తగిలించే ధైర్యం ఎవరికుందో చూడాలి.