హేజెల్ కాయల జల్లి చట్రం ఆత్మకథ

నాలుగు చెక్కపలకలు, అడుగున సన్నకన్నుల ఇనుప జల్లి, పైన అదే జల్లితో మూత. ఇంతే నా ఒళ్లు. ఇంగ్లండులోని కెంట్‌లో పెరటి హేజెల్ కాయలు ఆరబెట్టడానికి నన్ను చేశారు. ఉడతలతో పోరంతా చెట్టు కిందే జరగాలని చాలామంది అనుకుంటారు. అదనులో కోసి, సరిగ్గా ఆరబెట్టి, భద్రంగా దాచినవాళ్లకే పంట దక్కుతుందని నేనంటాను. రాలిన చిప్పలే నాకు సాక్ష్యం. ఉడత చిప్పను రెండుగా చీలుస్తుంది. డార్మౌస్ అనే చిట్టెలుక కొరికిన కన్నానికి లోపలి అంచు నున్నగా ఉంటుంది. అడవి ఎలుకదైతే అంచుకు అడ్డంగా పంటిగీతలు కనిపిస్తాయి. చిన్న గుండ్రటి బెజ్జం ఉంటే లోపలి పురుగు గింజ తినేసి బయటపడ్డట్టే. ఇన్ని నోళ్లున్న చెట్టు దగ్గర ఒక్క ఉడతను ఆపినంత మాత్రాన కాపు మిగలదు.

ఉడతల్ని పట్టి చంపితే సరిపోదా అంటారు. బూడిదరంగు ఉడత 1876లో అమెరికా నుంచి తెచ్చి చెషైర్‌లో వదిలిన జీవి. దాన్ని అదుపు చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఒకటి పోతే పక్క తోపులోంచి మరొకటి వస్తుంది. విషం పెడితే చట్టరక్షణ ఉన్న డార్మౌస్‌కూ ముప్పే. మొదట్లోంచే గుబురుగా కొమ్మలు లేచే చెట్టుకు రేకు చుట్టినా ప్రయోజనం ఉండదు. పోనీ, పచ్చివే దూసేద్దామంటే గింజ నిండని కాయ ఆరాక ముడుచుకుపోతుంది. పచ్చటి తొడుగులో కాయను వేలితో నొక్కి చూడండి. అది కదిలి తిరిగితే గింజ ముదిరినట్టు, ఇక రాలేదాకా ఆగనక్కర్లేదు. అంతకు ముందే ఉడత పాలగింజ తినేస్తే నేను చేయగలిగింది లేదు. ఆ తర్వాత మిగిలినదాన్ని మాత్రం నిలబెట్టగలను.

కోసిన కాయలు నీళ్లలో వేస్తే పొల్లు తేలుతుంది. గట్టివాటిని నాలో ఒకే వరసగా పరిచి, రెండు మూడు వారాలు నీడలో గాలికి ఆరనిచ్చి, తరచూ కదపాలి. గింజలో సగానికి పైగా నూనే కాబట్టి ఎక్కువ వేడి తగిలితే కనరువాసన వస్తుంది. చిన్న ఎలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. నా కన్నులు అంతకంటే చిన్నవి. కొరికితే గింజ పటుక్కున విరగాలి. అప్పుడు చిప్పతోనే రేకు డబ్బాకెత్తి చల్లటి చోట పెడితే వచ్చే కాపుదాకా ఉంటాయి. అడవి జీవుల వాటా చెట్టు మీదుంటే ఉండనివ్వండి. మీ వాటాను అశ్రద్ధకు మాత్రం వదలకండి.