రెక్టాంగిల్ బాబాయ్

చొక్కా మీద పప్పు చుక్క పడితే కొందరు చొక్కా మార్చేస్తారు. కొందరు తుడిచేసుకుని ఊరుకుంటారు. మూడో రకం ఒకటుంది. వీళ్లు మార్చరు, తుడవరు. చుక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ముందు తేలుస్తారు. తేల్చేలోగా భోజనాలైపోతాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్లున్న ప్రతి ఊళ్లోనూ ఈ జాతి మనిషి ఒకడైనా ఉంటాడు. కెనడాలోని మా గ్వెల్ఫ్‌లో ఉన్నాయన్ని రెక్టాంగిల్ బాబాయ్ అంటాం. కాకినాడ మనిషి, అరవై దాటాయి. యూనివర్సిటీలో చదువుకోడానికొచ్చిన తెలుగు కుర్రాళ్లు పెట్టిన పేరది. మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఇప్పుడాయనే ఫోన్ చేసి "నేనోయ్, రెక్టాంగిల్‌ని" అంటాడు.

ఆయన్ని చూడాలంటే జనవరిలో పొద్దున్న ఏడింటికి చూడాలి. రాత్రంతా కురిసిన మంచు కారు అద్దం మీద గడ్డకట్టి ఉంటుంది. ఊరంతా అద్దం మొత్తం గోకుతుంటే ఈయన స్టీరింగు ముందు జానెడు చదరం గోకి, లోపల కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ దిగి ఎడమపక్క రెండంగుళాలు పెంచుతాడు. పిన్నిగారి వైపు మంచు మంచులాగే ఉంటుంది. "నడిపేది నేను కదా, నువ్వు చూసేదేముంది?" అంటాడు. "అదీ నిజమేలెండి, మీ నడపడం చూడకపోవడమే మంచిది" అంటుంది ఆవిడ. వీడియో మీటింగుంటే చొక్కాకి కాలరు, దాని కింద నాలుగు వేళ్ల మేర ఇస్త్రీ. మిగతాది ఎలా ఉందో మనం అడక్కూడదు.

దీనికంతకీ మూలం ఆయన ఉద్యోగం. బతుకంతా బొమ్మలు గీసే ప్రోగ్రాములు రాశాడు. గీయడం పెద్ద పనేం కాదట, గీతకి గీత గీస్తే సరి. చిక్కంతా గీసింది కదిలినప్పుడు. తెర మీద వందల బొమ్మలున్నాయి, అందులో ఒక వృత్తాన్ని మౌసుతో పట్టుకుని నాలుగంగుళాలు పక్కకి లాగారు. ఇప్పుడు తెరలో ఎంత మేర మళ్లీ గీయాలి? తొంభైల్లో యంత్రాలకి మొత్తం గీసే ఓపిక లేదు. 640 అడ్డం, 480 నిలువు, వెరసి 3,07,200 చుక్కలు. అన్నీ చెరిపి మళ్లీ గీస్తే తెర కళ్లముందే మినుకుమినుకుమనేది. అంచేత పాడైన మేర ఎంతో లెక్కగట్టి, దాని చుట్టూ ఒక దీర్ఘచతురస్రం అనుకుని, అంతమటుకే గీయాలి.

"వృత్తం కొత్తగా కూర్చున్న చోటు ఒక్కటే గీస్తే చాలనుకుంటారు అమాయకులు" అని మొదలుపెడతాడు బాబాయ్. ఈ వాక్యం వినని తెలుగువాడు గ్వెల్ఫ్‌లో లేడు. "పాతచోటు మాటేమిటి? అక్కడ వృత్తం కింద దాక్కున్నవి బయటపడ్డాయి కదా? వాటినెవడు గీస్తాడు, నీ తాతా? పాతచోటు, కొత్తచోటు రెండూ కలుపుకోవాలి."

అక్కడితో అయిపోతే బాబాయ్‌కి ఈ పేరెందుకొస్తుంది? గీతకి మందం ఉంది, కనక చతురస్రాన్ని అందులో సగం చొప్పున నాలుగువైపులా పెంచాలి. అంచులు నునుపుగా కనబడాలని వేసే లేతరంగు చుక్కలకి ఇంకో చుక్క. రెండు గీతలు కలిసిన మూల మొనదేలితే ఆ మొన ఎంత దూరం పొడుచుకొస్తుందో వేరే లెక్క. కోణం పదకొండున్నర డిగ్రీలకి సన్నబడిందా, లోపలి మూల నుంచి బయటి మొనదాకా దూరం గీత మందానికి పదిరెట్లు. పోస్ట్‌స్క్రిప్టు అనే పేజీలు గీసే భాషలో మనం వేరే చెప్పకపోతే హద్దు అదే, అది దాటితే మొన నరికేస్తుంది. ఇవన్నీ మరిచిపోయినవాడి తెర మీద, బొమ్మ కదిలిన దారి పొడుగునా తోకలూ తుంపులూ మిగిలిపోతాయి. ఎక్కువ కలుపుకున్నా తంటాయే. తెర ఈ మూల ఒక చుక్క, ఆ మూల ఒక చుక్క మారాయనుకోండి. రెండింటినీ ఒకే చతురస్రంలో చుట్టబెడితే తెర మొత్తం అందులోకొచ్చి కూర్చుంటుంది. ఐమూలగా గీసిన వెంట్రుకలాంటి గీతకీ అదే గతి.

ఆయనకంటూ సొంత పరీక్ష ఒకటుంది. కొత్త ప్రోగ్రాం ఏది కనబడినా అందులో పెద్దక్షరాలతో 'రాష్ట్రం' అని రాస్తాడు, తర్వాత చెరిపేస్తాడు. ఇంగ్లీషు అక్షరాలకి కింద ఎంత జాగా కావాలో అంతే కొలుచుకున్న ప్రోగ్రామైతే పైన అక్షరాలు పోతాయి, కింద ట ఒత్తూ ర ఒత్తూ తెరని పట్టుకు వేలాడుతుంటాయి. "చూశావా! రాష్ట్రం పోయింది, ఒత్తులు మిగిలాయి!" 2014లో ఈ మాటని ఏ జిల్లా వాళ్లు ఆ జిల్లాకి తగ్గట్టు అర్థం చేసుకుని నవ్వారు. ఆయనకి మాత్రం అందులో రాజకీయమేమీ లేదు, నిజంగా ఒత్తుల గురించే బెంగ.

ఆయన గదిలో దేవుడి పటాలు లేవు. బిల్ ఆట్కిన్సన్ ఫొటో ఉంది. యాపిల్‌లో లీసా కంప్యూటరుకీ, 1984లో వచ్చిన మ్యాకింటాష్‌కీ తెర మీద గీతలు గీసే ప్రోగ్రాం రాసినాయన. 1979లో జెరాక్స్ వాళ్ల పరిశోధనశాలకి వెళ్లి ఒకదానిమీద ఒకటి పరుచుకున్న విండోలు చూశాడు. అడుగున్న విండోలో కనబడే ముక్కని మాత్రమే వాళ్లు గీయగలుగుతున్నారని అనుకుని ఇంటికొచ్చి, తనూ కిందామీదా పడి అది సాధించాడు. తీరా చూస్తే జెరాక్స్ వాళ్లు చేసింది అది కాదట. అక్కడ లేనిదాన్ని చూసొచ్చి కాపీ కొట్టిన ఘనుడు. చతురస్రాలేమిటి, ఏ వంకర ఆకారాన్నైనా తెర మీద మేరగా పట్టుకునే పద్ధతి కనిపెట్టాడు. 1982లో మేనేజర్లు వారానికెన్ని లైన్లు రాశారో కాగితం మీద రాసివ్వమంటే, ఆ మేరల కోడే తిరగరాసి ఆరురెట్లకి దగ్గరగా వేగం పెంచిన ఈయన '-2000' అని రాసిచ్చాడు. కొత్తకోడు పాతదానికంటే రెండువేల లైన్లు తక్కువ మరి. ఇది చెప్పేటప్పుడు బాబాయ్ గొంతు పూడుకుపోతుంది. 2025 జూన్‌లో ఆట్కిన్సన్ పోయారని తెలిసినరోజు మాత్రం మాకెవరికీ ఏమీ చెప్పలేదు. కారు అద్దం మొత్తం కడిగాడని పిన్నిగారు చెప్పింది.

ఇంత చతురస్రాల మనిషికి రాసిపెట్టున్న ఊరేమో గ్వెల్ఫ్. జాన్ గాల్ట్ అనే స్కాట్లండు నవలాకారుడు 1827 ఏప్రిల్ 23న ఇక్కడో మేపుల్ చెట్టు కొట్టించి, ఆ మొద్దు దగ్గర్నుంచి వీధులు విసనకర్ర పుల్లల్లా విప్పుకుపోయేట్టు ఊరు గీయించాడు. పాత ఊళ్లో మూలలు సరిగ్గా కుదరని స్థలాలు చాలానే ఉన్నాయి. "నవలలు రాసుకునేవాడికి ప్లాను గీసే పనిస్తే ఇంతే" అంటాడు బాబాయ్. విసనకర్రని చతురస్రంలో పెడితే ఎంత వృథా పోతుందో కూడా లెక్క చెబుతాడు, కారు ఆపి మరీ.

యూనివర్సిటీలో ఓల్డ్ జెరెమయా అని పాత ఫిరంగొకటుంది. రాత్రిపూట విద్యార్థులు దానికి నచ్చిన రంగులేసి, మీద ఏదో రాసి, ఇంకెవరూ పూసేయకుండా తెల్లారేదాకా కాపలా కాస్తారు. పొరల మీద పొరలు రంగే. ఒక ఉగాదికి మన కుర్రాళ్లు దాని మీద శుభాకాంక్షలు రాద్దామనుకుని, పెద్దదిక్కుగా బాబాయ్‌ని పిలిచారు. నన్నడిగితే పిలవకుండా ఉండాల్సింది. అప్పటికి ఫిరంగి నీలంగా ఉంది, తెల్లక్షరాలతో ఎవరిదో పుట్టినరోజు. "నీలం అలాగే ఉంచండ్రా, పాత అక్షరాలున్న మేరకే నీలం కొట్టి మనవి రాస్తే డబ్బాలో పావువంతు చాలు" అని టార్చిలైటు, టేపూ పట్టుకుని వంగాడు. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆయన రెండో అక్షరం ఎత్తు కొలిచేసరికి కుర్రాళ్లు అవతలి వైపు నుంచి పసుపు పూసుకుంటూ వచ్చి ఆయన టేపుతో సహా పూసేశారు.

"అంకుల్, ఇప్పుడు ఇవన్నీ ఎవరు చూస్తారు? గ్రాఫిక్స్ కార్డు సెకనుకి అరవైసార్లు తెర మొత్తం గీసిపారేస్తుంది" అన్నాడు ఆ రాత్రి ఒకడు. బాబాయ్ అక్కడే, ఆ ఫిరంగి పక్కనే, లెక్క చెప్పాడు. ఫోర్‌కే తెరకి 82,94,400 చుక్కలు, ఆయన పాత తెరకి సరిగ్గా ఇరవై ఏడు రెట్లు. చుక్కకి నాలుగు బైట్లు, సెకనుకి అరవైసార్లు, దగ్గర దగ్గర రెండువందల కోట్ల బైట్లు. "దేనికిరా? కదలని బొమ్మకి!" ఫోను బ్యాటరీ ఎందుకు దిగిపోతుందో, దూరాన్నున్న కంప్యూటరు తెరని ఇక్కడికి తెచ్చే ప్రోగ్రాములు ఇప్పటికీ మారిన చతురస్రాలే ఎందుకు పంపుతాయో కూడా చెప్పాడు. ఇందులో న్యాయం ఆయన వైపే ఉంది. కుర్రాడు చలికి మాట్లాడలేదు గానీ ఒప్పుకునే రకమే.

ఒప్పుకోనిది పిన్నిగారు. ఆవిడది కడిగితే ఇల్లంతా కడిగే వంశం. ఆవిడ కిండిల్ తెర అక్షరాల మరకలు పోవడానికి మధ్యమధ్య ఒక్కసారి నల్లగా మెరిసి మొత్తం శుభ్రమవుతుంది. "చూశారా, దానికీ తెలుసు" అంటుంది, మెరిసినప్పుడల్లా.

ఇక హాలు గోడ. పోపు చిట్లి మరకపడిందని బాబాయ్ అరచెయ్యంత రంగేశాడు. డబ్బా మీద అదే రంగు, అదే నంబరు. గోడ మాత్రం పదేళ్ల ఎండకి వెలిసింది. అతుకు కొట్టొచ్చినట్టు కనబడేసరికి చుట్టూ ఇంకాస్త వేశాడు, అది కలవలేదని ఇంకాస్త. చివరికి పిన్నిగారు దానిమీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించేసింది. కోప్పడుతుందనుకున్న బాబాయ్ పొంగిపోయాడు. "భేష్! పైన కప్పేస్తే కింద గీయక్కర్లేదు!" ఆ ఉత్సాహంలో మిగతా గోడంతా వేరే రంగు తనే వేస్తానని దిగి, సోఫా వీపు వెనక మేర వదిలేశాడు. ఎలాగూ కనబడదు కదా. అక్కడ పాత ఓనరు కొట్టించిన ఆకుపచ్చ ఉండిపోయింది.

మొన్న కార్తీకమాసంలో వాళ్లింట్లో సత్యనారాయణవ్రతం. బ్రాంప్టన్ నుంచి పంతులుగారొచ్చారు. జనం కిందకూర్చోడానికి చోటు చాలక, దంపతులు పీటలమీద కూర్చున్నాక మేం నలుగురం పట్టి సోఫాని కిటికీ వైపు జరిపాం. గోడ మీద ఆరడుగుల పొడుగున ఆకుపచ్చ దీర్ఘచతురస్రం బయటపడింది. బాబాయ్ సరిగ్గా దానికి ఎదురుగా కూర్చున్నాడు. వ్రతం మధ్యలో లేవడానికి లేదు. మొదటి మూడు అధ్యాయాలూ కళ్లప్పగించి దాన్నే చూశాడు. నాలుగో దాంట్లో సాధువర్తకుడి పడవలో సరుకంతా ఆకులూ తీగలూ అయిపోయినచోట ఇంక ఉండబట్టలేక నాకు సైగ చేశాడు.

"ఆ సోఫా వెనక్కి తోసెయ్యవోయ్, మెల్లిగా."

తోశాం. జనం అడ్డుండటంవల్ల పూర్తిగా వెళ్లలేదు, ఆకుపచ్చ సగం మూసుకుంది. కిటికీ దగ్గర సోఫా కాసేపు నిలబడ్డ చోట మాత్రం, కార్పెట్ మీద ఎవరో పెట్టుకున్న పాలగ్లాసు దానికింద పడి నలిగి, తెల్లటి మడుగు కట్టింది. అందరూ అటు తిరిగారు.

పిన్నిగారు తిరగలేదు. అక్షింతలు చేతిలో పట్టుకుని దేవుడివైపే చూస్తూ, "పాతచోటు కూడా కలుపుకోవాలని మీరే చెబుతారు కదండీ" అంది.

బాబాయ్ పీటమీద కూర్చునే మడుగు పొడుగూ వెడల్పూ కళ్లతో కొలుస్తున్నాడు. పంతులుగారు ఐదో అధ్యాయం అందుకున్నారు.