మూడో దొప్ప

నంది కొండల కింద ద్రాక్షతోటలు చూసొచ్చిన మా బెంగళూరు మిత్రులు మార్చిలో ఓ శనివారం కోటబొమ్మాళి వచ్చారు. 1988లో కన్వల్ గ్రోవర్ మొదలుపెట్టిన తోటలో వైన్ రుచి చూడటం నేర్పారట. గ్లాసు తిప్పడం, వాసన పట్టడం, గుక్కని నాలుక మీద నిలపడం. ఇంకా ఆ మాటలే చెప్పుకుంటున్నారు. అలాంటి నాలుక మా ఊళ్లోనూ ఒకటుంది, చూద్దురుగాని రండన్నాను.

తెల్లారేసరికి తాటితోపులో ఉన్నాం. ఊరి వరసకి నాకు చిన్నాన్న అయ్యే గీతకారుడు అప్పుడే చెట్టు దిగి మోకు విప్పుతున్నాడు. మాను రాపిడికి ఆయన గుండె మీద చర్మం నల్లగా కాయగట్టింది.

"తాడిసెట్టంటే ఆవు కాదు బాబూ, దగ్గర కూకోగానే సేపడానికి. గెల నొక్కి, రోజూ రెండు పూటలా కొస సీవుకుంటా పోవాల. వారం పది రోజులు ఎక్కి దిగితేగానీ సుక్క రాలదు" అన్నాడు.

కొన్ని వైన్లు పీపాల్లో ఏళ్లు ఊరతాయి. కల్లుకి అంత ఓపిక లేదు. గాలిలోని ఈస్టు చేరి, ముంత ఇంకా చెట్టు మీదుండగానే పులియడం మొదలవుతుంది. లోపల సున్నం పూస్తేనే తీపి నీరాగా నిలుస్తుంది. అందుకే మంచి కల్లుకి సీసా లేదు, లేబుల్ లేదు. ఏ చెట్టుదో గీసినవాడు చెప్పాల్సిందే.

తోపంతా తిప్పి చూపించాడు. చెరువు గట్టు వైపు మాత్రం తీసుకెళ్లలేదు.

మిత్రులకి సరదా పుట్టింది. "చిన్నాన్నగారూ, కళ్లకి గంతలు కడతాం. మూడు చెట్ల కల్లు ఇస్తాం. ఏది ఏ చెట్టుదో చెప్పాలి!"

ఆయన నవ్వి తువ్వాలు కట్టించుకున్నాడు. "నేను పోస్తాను నానా" అంటూ చిన్నకొడుకు తాటాకు దొప్పలందుకున్నాడు. ఐటీఐ చదువుతున్నాడు.

"ఈ గుంటణ్ని సెట్టు ఎక్కనివ్వను. సదువుకోమన్నాను" అన్నాడు తండ్రి, గంతల్లోంచే.

పిల్లాడు రెండు దొప్పలు అక్కడున్న ముంతల్లోంచి నింపాడు. మూడోదానికి తోపులోకి పరిగెత్తి, కాస్త ఆలస్యంగా వచ్చాడు.

మొదటిది ఇలా నోట పెట్టాడో లేదో, "బాట పక్క పోతుతాడి" అన్నాడు చిన్నాన్న. రెండోదానికి పెదవి చప్పరించి, "గుడి ఎనకది. నేల గట్టి, అందుకే ఈ వగరు." రెండూ నిజమే. మిత్రులు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ఆ పిల్లాడే కొట్టాడు. తండ్రి గెలవాలని వాడి ఆరాటం.

మూడో దొప్ప ముక్కు దగ్గరికి రాగానే ఆయన చెయ్యి ఆగింది. ఒక్క గుక్క తీసుకున్నాడు. మింగలేదు, ఉమ్మేశాడు. తువ్వాలు లాగేసి కొడుకు కేసి చూశాడు.

"సెరువు గట్టుది. మీ అన్న పడి సచ్చిపోయిన సెట్టు."

పిల్లాడు తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఎక్కుతన్నావురా?"