పావుగంట పాస్తాకు బృహద్వ్యాఖ్య

మూలం: తరిగిన వంకాయలను వేయించి, టమాటా గుజ్జులో కలిపి, ఉడికిన పాస్తాకు పట్టించి, చీజ్ తురిమి, వెంటనే వడ్డించుము. పావుగంటలో వేసవి విందు సిద్ధము.

అవతారిక: ఒకానొక పాకశాస్త్రకర్త లోకోపకారార్థం ఈ సూత్రం రచించాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయన ముందు కాళిదాసు ఉన్నాడు. నా ముందు వంకాయలున్నాయి. ప్రతిజ్ఞలో రెండో సగం నాకు వర్తించదు.

వేయించి, కలిపి, పట్టించి: స్పష్టం.

తరిగిన: భూతకాలిక ధాతుజ విశేషణం. అంటే వంట మొదలయ్యేసరికే తరగడం పూర్తయింది. పూర్తిచేసిన కర్త ఎవరు? మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. అనగా కత్తిపీట ముందు కూచున్న మనిషిని మనమే ఊహించుకోవాలి. ఆవిడ నడుం పట్టుకుని లేచాకే శాస్త్రకర్త గడియారం మొదలవుతుంది.

వంకాయలను: ఏ వంకాయలు? సిసిలీలోని కటానియా వంకాయలు. ఈ వంటను అక్కడ పాస్తా అల్లా నోర్మా అంటారు. ఆ ఊళ్లోనే 1801లో పుట్టిన బెల్లీని కట్టిన సంగీతనాటకం ‘నోర్మా’. 1831లో మిలాన్‌లోని లా స్కాలాలో తొలిసారి ఆడారు. నాయిక గాల్ దేశపు పూజారిణి. రోమన్ అధికారిని రహస్యంగా ప్రేమించి, ఇద్దరు బిడ్డల్ని కని, చివరికి చితికెక్కుతుంది. ఇందులో వంకాయ ఎక్కడుంది? ఎక్కడా లేదు. నీనో మార్తోలియో అనే నాటకకర్త ఈ వంట రుచి చూసి ‘ఇది నోర్మాయే’ అన్నాడని ఐతిహ్యం. చితి మాత్రం మూకుడు కింద ఉందని సమన్వయం చేసుకోవచ్చు.

మన బసవరాజు అప్పారావు వంకాయ కూరకు పాట కట్టాడు. కటానియావాళ్లు పాట పేరు తెచ్చి వంకాయకు కట్టారు. రెంటిలో ఏది ఘనం? పక్షపాతమన్నా సరే, మనదే. అప్పారావు పాటలో వండిన మనిషే నోరు విప్పి, వండింది తానేనని చెబుతుంది. అక్కడ కర్త లోపించలేదు. ఈ సంగతి పాకశాస్త్రకర్తలెవరూ గమనించలేదు.

చీజ్: రికొత్తా సలాతా. ఉప్పు పట్టించి ఆరబెట్టిన గొర్రెపాల సరుకు. పార్మెజాన్ అని పాఠాంతరం. పనీరు ప్రక్షిప్తం.

పావుగంటలో: ఇక్కడ పూర్వపక్షం. వంకాయ ముక్కలకు ఉప్పు చల్లి అరగంట ఉంచితే నీరు దిగుతుందని చాలామంది వంటవాళ్ల మాట. నలుగురికి 400 గ్రాముల పాస్తా, 100 గ్రాములకు లీటరు చొప్పున 4 లీటర్ల నీళ్లు. అవి మరగడానికే పావుగంట పైన పడుతుంది. పాస్తా ఉడకడానికి మరో పది నిమిషాలు. మరి విరోధం ఎలా తీరుతుంది? సిద్ధాంతం: ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణను ఆశ్రయించాలి. కనుక పావుగంట అంటే, చెప్పినవాడు తినడానికి పట్టే కాలం.

వేసవి: వంకాయా టమాటా సిసిలీలో వేసవి కాపు కనుక అక్కడ విశేషణం సార్థకం. మన మే నెలలో ఒకపక్క 4 లీటర్లు మరుగుతుంటే, ఇంకోపక్క నూనె కాగుతుంటే, ఫ్యాన్ వేస్తే మంట ఆరిపోతుంది, వేయకపోతే మనిషి పడిపోతుంది. దీనికి ‘హాయిగా, తేలిగ్గా’ అని కూడా తోక తగిలిస్తారు. ఆ రాసినవాణ్ణి ఒక్కపూట ఆ పొయ్యి దగ్గర నిలబెట్టాలి. వ్యాఖ్యాత ఇలా కోప్పడకూడదు. అయినా నిలబెట్టాలి.

వెంటనే వడ్డించుము: ఎవరు, ఎవరికి అన్నది పై న్యాయంతోనే గ్రహించేది. ఇక్కడితో మూలం ఆగిపోతుంది, తరవాత గ్రంథపాతం. జిడ్డోడుతున్న మూకుడు, పాస్తా గిన్నె, జల్లిగిన్నె, బెజ్జాల్లో చీజ్ ఇరుక్కున్న తురుముపీట, వీటి గతి చెప్పే పత్రం ఏ ప్రతిలోనూ దొరకలేదు. శాస్త్రకర్త మాత్రం ‘ఎంత సులువో చూశారా!’ అంటూ సింకులో ఆ గిన్నెల మీదే చెయ్యి కడుక్కుని వెళ్లాడు.