పెద్దబావ ట్రక్కు పద్యం: టీకా తాత్పర్య సహితం

లాగినంత మోయ లావైన ట్రక్కైన
జాలదనుచు దెలిసి చక్కగాను
తలుపు తీసి చూడు దాగిన చీటిని
బేరమాడుమయ్య పెద్దబావ!

అవతారిక. ఈ ఆటవెలది కర్త పేరు దొరకలేదు. దేశం మాత్రం టెక్సస్ అనీ, అందులోనూ డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతమనీ వ్యాఖ్యాత ఊహ. పికప్ ట్రక్కు కొనడానికి ఒక సాకు కోసం ఎదురుచూసే తెలుగు గృహస్థులు అక్కడ దండిగా ఉన్నారు. "పెద్దబావ" అని పిలిచాడు కనుక చెప్పినవాడు బావమరిది. బావమరిది చెప్పిన మాటను మామూలు వచనంలో వినే బావ భూమ్మీద లేడు కాబట్టే అతగాడు ఛందస్సును ఆశ్రయించాడు. "చూడు" అని ఏకవచనం వాడి, వెంటనే "అయ్య" అని సర్దుకున్న తీరులో ఆ జంకు కనిపిస్తుంది.

సందర్భం తేలికే. పెద్దబావ ఒక ట్రావెల్ ట్రైలర్ మీద మనసు పడ్డాడు. రాణీవాసానికి తగ్గ పడక, పిల్లలకు బంకు మంచాలు, మూడు మంటల పొయ్యి, స్నానాలగది, అన్నీ చక్రాల మీదే. దాన్ని లాగడానికి ఇప్పుడు ట్రక్కు కావాలి. ఇల్లు ముందు నచ్చి దాన్ని లాగే బండి తర్వాత వెతకడం శాస్త్రవిరుద్ధమని కింద తేలుతుంది.

ప్రతిపదార్థం. పెద్దబావ = ఓ పెద్దబావా!; లావైన = ఒళ్ళు చేసిన; ట్రక్కైనన్ = పికప్ అయినప్పటికీ; లాగినంత = ఎంత బరువు లాగుతుందో అంత బరువును; మోయన్ చాలదు = వీపున మోయలేదు; అనుచున్ = అని; చక్కగాను = గుండె రాయి చేసుకుని; తెలిసి = తెలుసుకొని; తలుపు తీసి = డ్రైవరు వైపు తలుపు తెరిచి; దాగిన చీటిని = అమ్మేవాడు చూపించని స్టిక్కర్‌ను; చూడు = చదువు; (పిమ్మట) బేరమాడుము అయ్య = బేరానికి కూర్చో.

"చక్కగాను" పాదపూరణానికి పడ్డదని కొందరు. వాళ్ళు ఇంకా ట్రక్కు కొనలేదు. ఇక "మోయ"కూ "జాలదు"కూ నడుమ ట్రక్కు వచ్చి నిలబడడం దూరాన్వయం. కవి అది కావాలనే చేశాడు: క్రియకూ క్రియకూ మధ్య హిచ్, అంటే ట్రక్కుకు ట్రైలర్‌ను తగిలించే కొక్కెం, ఉండక తప్పదు. "లావైన" తర్వాత "ట్ర" వచ్చింది గదా, "న" గురువై గణం చెడదా అంటే, వేరు పదం కనుక చెడదు. చెడితే మాత్రం ఆ గణం ఓవర్‌లోడైనట్టే.

"లాగినంత." లాగుడు ఎంత అన్నది ప్రకటనలు ఘోషిస్తూనే ఉన్నాయి. 2021 ఎఫ్-150కి ఫోర్డ్ చెప్పిన గరిష్ఠ సంఖ్య 14,000 పౌండ్లు. అది ఆ ఇంజన్, ఆ యాక్సిల్, ఆ టోయింగ్ ప్యాకేజీ అన్నీ కుదిరిన బండికి వర్తించే అంకె. షోరూములో కనబడ్డ ప్రతి ఎఫ్-150కీ అదే అన్వయిస్తే అతివ్యాప్తి దోషం. అయినా అంకె పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. పూర్వం ఒక్కో కంపెనీ తనకు తోచిన పద్ధతిలో కొలుచుకునేది. తర్వాత వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ వారు జె2807 అనే సూత్రగ్రంథం వెలువరించారు. 2011 టండ్రాతో టొయోటా దాన్ని ముందుగా శిరసావహించింది, మిగతావాళ్ళు కొన్నేళ్ళు నీళ్ళు నమిలి దారికొచ్చారు. పరీక్షల్లో ఒకటి అరిజోనాలో జరుగుతుంది. డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై పైకి 11.4 మైళ్ళ ఎక్కుడు. కణకణలాడే ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, ట్రైలర్‌తో సహా గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా మామూలు పికప్ ఆ ఎక్కుడు ఎక్కాలి. తపస్సే. కానీ ఆ తపస్సులో ట్రక్కులో కూర్చునేది ఇద్దరు, ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లు. అంటే 68 కిలోలు. పెద్దబావ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం తర్వాత ఆ బరువులో ఎవరికీ కనిపించలేదు.

"మోయ." ఇదే పద్యానికి ప్రాణపదం, వ్యాఖ్యాత కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాడు. వెనకాల తన చక్రాల మీద దొర్లేదాన్ని లాగడానికి ఇంజన్ చాలు గదా, మోత ఎక్కడిది? అని శంక.

సమాధానం. ఎద్దుబండి కట్టినవాణ్ణి అడుగు. గడ్డి వెనక్కి ఎక్కువగా పేరిస్తే కాడి పైకి లేస్తుంది, బండి ఊగుతుంది, ఎద్దుల మెడకు పలుపు బిగుస్తుంది. ముందుకు ఎక్కువైతే బరువంతా మెడల మీదే. అందుకే తెలిసిన రైతు కాడి మీద ఇంత బరువు పడాలని చూసి మరీ పేరుస్తాడు. ట్రైలర్‌కూ అదే న్యాయం. దాని మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు ముందుకు వాలి హిచ్ బాల్ మీద కూర్చోవాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. అది తగ్గితే ట్రక్కు తేలికపడుతుందన్నది ఆశ. జరిగేది వేరు: హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ ఒకటి దూసుకుపోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ ఊపు ట్రక్కును కూడా పట్టుకుంటుంది. కనుక ఈ బరువు తగ్గించుకోదగ్గది కాదు. లాగేవాడు మోసితీరాలి.

అప్పుడు మోత ఎంత? ట్రైలర్ బ్రోషర్‌లో రెండంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బరువు, అంటే నీళ్ళూ సామానూ ఎక్కకముందు ఫ్యాక్టరీ గేటు దాటిన క్షణానిది. రెండోది నిండా నింపితే మించకూడని బరువు. అమ్మేవాళ్ళు మొదటిదాన్నే పఠిస్తారు. ఖాళీ ట్రైలర్‌తో ఎవరు విహారానికి వెళ్తారు? మంచినీళ్ళు గ్యాలనుకు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 332. ప్రొపేన్ సిలిండర్లు, బ్యాటరీ ముందుభాగానే, సరిగ్గా హిచ్ నెత్తిన ఉంటాయి. మనవాళ్ళు సర్దేవి వేరే. 20 పౌండ్ల సోనామసూరి సంచి, రెండు కుక్కర్లు, "అక్కడ దొరకవు" అని కట్టిన పప్పుల పొట్లాలు, ఆవకాయ జాడీ. ఖాళీ బరువును ప్రమాణంగా తీసుకున్న లెక్క, ఉపవాస దీక్షలో ఉన్న కుటుంబానికే చెల్లుతుంది. రెండో అంకెనే పట్టుకోవాలని సిద్ధాంతం.

"లావైన." పెద్ద గ్రిల్లు, ఎత్తు చక్రాలు, పైన అద్దాల కప్పు, తోలు సీట్లు, తలుపు తీస్తే కిందికి దిగే మెట్టు. ఇవన్నీ లావే, కానీ మోతను పెంచే లావు కాదు, తినేసే లావు. ట్రక్కుకు మొత్తం బరువు ఇంతే ఉండాలని ఒక హద్దు ఉంది. అలంకారాలు ఎంత ఎక్కితే మనుషులకూ సామానుకూ మిగిలేది అంత తగ్గుతుంది. అందుకే ఒకే ఇంజన్, ఒకే క్యాబ్ ఉన్న రెండు ట్రక్కుల్లో చవకబారుది ఎక్కువ మోస్తుంది, ఖరీదైనది తక్కువ. కాంట్రాక్టర్లు తెల్లరంగు బోడి ట్రక్కు కొనుక్కోవడంలో పిసినారితనమే కాదు, ఇంత పాండిత్యం ఉంది. "హాఫ్ టన్" అన్న పేరు చూసి అర టన్నే మోస్తుందనుకోవద్దు. అది ఒకప్పటి కొలత, ఇప్పుడు రూఢి. నేటి హాఫ్ టన్ పికప్‌లు అంతకంటే బాగా ఎక్కువే మోస్తాయి. ఎంత ఎక్కువ అన్నది తర్వాతి పాదంలో ఉంది.

"తలుపు తీసి చూడు దాగిన చీటిని." డ్రైవరు తలుపు పూర్తిగా తెరిచి, నడుము వంచి, తలుపు వచ్చి బిగుసుకునే స్తంభం వైపు చూడాలి. గొళ్ళెం కింద, ఒక తెల్ల స్టిక్కర్ మీద పసుపు పట్టీ. అందులో టైర్లలో గాలి ఎంత ఉండాలో రాసి ఉంటుంది, పైన ఒక్క వాక్యం: మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు మించరాదు. ఆ అంకె మోడల్‌ది కాదు, ఎదురుగా ఉన్న ఆ ఒక్క బండిది. పక్కనే నిలబెట్టిన అదే రంగు, అదే పేరు ట్రక్కు మీద వేరే అంకె ఉండొచ్చు. షోరూములో అందరూ స్టీరింగ్ దగ్గరి పెద్ద తెర వైపు చూస్తుంటారు, కనుక "దాగిన" అన్నాడు. నిజానికి చీటి దాక్కోలేదు, మనమే అటు చూడం.

చీటి మీద 1,540 పౌండ్లు అని ఉందనుకుందాం. ట్రైలర్ ఖాళీ బరువు 5,400, నిండితే 7,500.

ఇక్కడ పూర్వపక్షం, అంటే సేల్స్‌మన్ మతం: ఖాళీ బరువులో పదోవంతు 540. ఇద్దరు మనుషులు 300. మొత్తం 840. ఇంకా 700 మిగిలింది సార్, బెంగ ఎందుకు?

సిద్ధాంతం: నిండు బరువులో నూటికి 13 పాళ్ళు 975. బరువును సర్దే మంచి హిచ్ తానే ఒక 90. అక్కడికే 1,065. మిగిలింది 475. బావ 190, అక్క 150, పెద్దవాడు 120, చిన్నది 85, వెరసి 545. డెబ్భై పౌండ్లు అప్పు. ఇంకా ట్రక్కు వెనక తొట్టిలో కూలరూ జనరేటరూ పెట్టలేదు. ఇండియా నుంచి అత్తగారూ మామగారూ ఆరునెలల వీసా మీద వచ్చి ఉంటే ఈ పద్యానికి కరుణరసం కూడా చెప్పాలి.

అవాంతర వాదాలు కొన్ని. "బరువు సర్దే హిచ్ ఉంది గదా" అంటారు. ఉంది, అది వెనక యాక్సిల్ మీది బరువును కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంచుతుంది. బండి సమంగా నిలబడుతుంది, స్టీరింగ్ తేలిపోదు. దాన్ని తప్పక వాడాలి. కానీ అది చీటి మీది అంకెను చెరిపి రాయదు. "గాలి బ్యాగులు వేయిస్తే?" కుంగిన వెనకభాగం లేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. యాక్సిలూ బ్రేకులూ టైర్లూ పాతవే. "మా ఆఫీసులో ఒకాయన ఇదే ట్రక్కుతో యెల్లోస్టోన్ దాకా వెళ్ళొచ్చాడు." ఇది అన్నిటికంటే గట్టి వాదం, ఎందుకంటే దీనికి జవాబు చెప్పినా ఎవరూ వినరు. నైయాయికులు దీన్ని ఉపమాన ప్రమాణం కింద వేస్తారు. చీటి శబ్దప్రమాణం. మన లెక్క అనుమానం. ప్రత్యక్ష ప్రమాణం కావాలంటే హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే తూకం ఉంటుంది. సామానూ పిల్లలతో సహా ఎక్కి నిలబడితే ట్రక్కు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్ళు, మూడూ విడివిడిగా తూచి కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితం ముందు సేల్స్‌మనూ బావమరిదీ ఇద్దరూ నోరు మూసుకోవాల్సిందే.

రసం. పైకి హాస్యం. కొలరాడోలో ఏడెనిమిది మైళ్ళ దిగుడు మీద ట్రైలర్ వెనకనుంచి నెడుతుంటే భయానకం. ట్రైలర్ బ్రేకులు పని చేయించే కంట్రోలర్ గురించి కవి ఎందుకు చెప్పలేదంటే, అది లేకుండా బయల్దేరేవాడికి పద్యం చెప్పి లాభం లేదు. గ్యాలనుకు ఇరవై మైళ్ళిచ్చే బండి ట్రైలర్ తగిలిస్తే పదికి దిగడం గురించి కూడా మౌనమే వహించాడు. బావ ఆర్థిక వ్యవహారాల్లో తలదూర్చకూడదన్న మర్యాద కాబోలు.

"బేరమాడుమయ్య." దేన్ని? కర్మ లేదు. అధ్యాహారం చేసుకోవాలి, అక్కడే వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ట్రక్కునే అని ప్రాచీనులు. చీటి చూసి, చాలకపోతే ఎఫ్-250 తరగతికి పొమ్మని వాళ్ళ తాత్పర్యం. పోవచ్చు, మోత బాగా పెరుగుతుంది. కానీ డీజిల్ ఇంజన్ తీసుకుంటే ఆ ఇంజనే వందల పౌండ్లు ఎక్కువ తూగి, పెరిగిన మోతలో వాటా అడుగుతుంది. పైగా బరువు లేనప్పుడు ఆ ట్రక్కు గట్టిగా కుదుపుతుంది, కాస్ట్‌కో పార్కింగులో గీతల మధ్య ఇమడదు. ఏడాదిలో మూడునాలుగు వారాంతాల ట్రైలర్ కోసం మిగతా రోజులన్నీ ఆ కుదుపు భరించాలి. ట్రైలర్‌ను అని నవీనులు. చీటి మీది అంకెలోంచి ఇంటిల్లిపాది బరువూ సామానూ హిచ్చూ తీసేసి, మిగిలినదాన్ని 13 పాళ్ళుగా భావించి వెనక్కి లెక్క వేస్తే ఎంత ట్రైలరో తేలుతుంది. మన పెద్దబావ 1,540లోంచి 545, 90, తొట్టిలో సామానుకు ఓ 100 పోతే మిగిలేది 805. నిండు బరువు 6,200 దాటని ట్రైలర్ అన్నమాట. బంకు మంచాలు దొరుకుతాయి. స్నానాలగది కాస్త ఇరుకవుతుంది. వ్యాఖ్యాత నవీనుల పక్షం. ఖర్చు తక్కువ, పైగా ఎదురుగా ఉన్న ట్రక్కు నుంచి మొదలుపెట్టే లెక్క ఇదొక్కటే.

పాఠాంతరం. "బేరమాడకయ్య పెద్దబావ" అని అక్క ఫోనులో ఒక ప్రతి కనిపిస్తోంది. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, కనుక ఛందస్సు పేరుతో దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఆ పాఠం ప్రకారం దాగిన చీటిని చూసినవాడు బేరమే ఆడడు, ట్రైలర్‌ను అద్దెకు తీసుకుంటాడు. అద్దెకిచ్చేవాళ్ళలో కొందరు దాన్ని తామే క్యాంపుకు లాక్కొచ్చి, నిలబెట్టి, తాళం చేతికిచ్చి వెళ్తారు. ట్రక్కుతో పనే లేదు. ఇది ప్రక్షిప్తమని పెద్దబావ, అసలు పాఠం ఇదేనని అక్క. బావమరిది ఆ ఇంట్లోనే భోజనం చేయాల్సినవాడు, ఏదీ తేల్చలేదు.