ఓఆర్ఆర్‌కు ఐదు నిమిషాలు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఏ వెంచర్ చూసినా ఓఆర్ఆర్‌కు ఐదు నిమిషాల దూరమే. సిద్దిపేట పొలిమేరలో ఉన్న వెంచర్ కూడా అంతే. ఆ ఐదు నిమిషాలు ఏ బండి మీద, ఏ ఏడాదిలో అని అడగకూడదు. అడిగితే సైట్ విజిట్‌లో వడ్డించే చికెన్ బిర్యానీ మీ ప్లేటు దాకా వచ్చేసరికి కుష్కా అవుతుంది.

2025 జనవరి 1న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు మెట్రో వేయడానికి డీపీఆర్‌లు సిద్ధం చేయమన్నారు. అధికారులు కాగితం మీద గీత గీసేలోపే మా వైపు బ్రోచర్లలో స్టేషన్ లేచింది, రైలు ఆగింది, టై కట్టుకున్న భర్తా, బ్యాడ్మింటన్ బ్యాట్ పట్టుకున్న కూతురూ దిగిపోయారు కూడా. అంతకుముందు ఏడాది మార్చిలో రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేసినప్పుడూ ఇంతే. రాయికి కట్టిన పూలదండ వాడకముందే గజం రేటు మారిపోయింది.

మోసగాడు అబద్ధాలు చెబుతాడని మనకో భ్రమ. మంచి మోసగాడు అంత శ్రమ పడడు. తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది, నిజం. ఈ వైపే బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది, నిజం. శామీర్‌పేట చెరువూ నిజమే. బ్రోచర్‌లో అన్నీ నిజాలే, అపార్ట్‌మెంట్ తప్ప. లేక్ వ్యూ కూడా కొన్నిచోట్ల ఎంత నిజమంటే, వానాకాలంలో చెరువే మిమ్మల్ని చూడటానికి ఇంటికొస్తుంది. ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో ఆ తర్వాత హైడ్రా బుల్‌డోజర్ వివరిస్తుంది.

ఇక ప్రీ-లాంచ్. అనుమతి ఇంకా రాలేదు, భూమి పూర్తిగా చేతికి రాలేదు, ఇటుక బట్టీలోనే ఉంది. మీ డబ్బు మాత్రం నూటికి నూరు పైసలూ ఇవాళే కావాలి. అందుకు ప్రతిఫలంగా సగం రేటు. శామీర్‌పేట వైపు హ్యాపీ హోమ్స్ అంటూ భువనతేజ ఇన్‌ఫ్రా ఇలాగే ప్రీ-లాంచ్‌లో ఫ్లాట్లు అమ్మింది. కొన్నవాళ్లు గృహప్రవేశానికి ముహూర్తం చూసుకోవాల్సింది పోయి పోలీసుల దగ్గరికి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా దగ్గరికి తిరిగారు. అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ కథ ఇంకా పెద్దది. వందల కోట్లు వసూలయ్యాక 2022 డిసెంబరులో సంస్థ ఎండీని పోలీసులు అరెస్టు చేశారు. ఆయన అప్పటిదాకా టీటీడీ పాలకమండలి సభ్యుడు. కొన్నవాళ్లకు అంతకుమించిన భరోసా ఏముంటుంది? చివరికి తమ డబ్బు తలుచుకుని ఏ నామం పలకాలో కూడా వాళ్లు వెతుక్కోనక్కర్లేకపోయింది.

దీనికి చట్టం లేదా అంటారా? 2016 నుంచీ ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా, రెరాలో నమోదు కాకుండా అమ్మకం మాట అటుంచి ప్రకటన వేయడానికే వీల్లేదు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. అంటే చౌరస్తాలో 'ప్రీ-లాంచ్ ఆఫర్' అని ఫ్లెక్సీ కట్టినవాడు తన నేరాన్ని తానే ఫోటోతో, ఫోన్ నంబరుతో సహా ఒప్పుకుంటున్నాడన్నమాట. దేశంలో ఇంత నిజాయితీగల నేరస్థులు ఇంకెక్కడా దొరకరు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. లోపల పిల్లలు సెక్షన్లు వల్లె వేస్తుంటే బయట రోడ్డు మీద వాటికి ఉదాహరణలు వేలాడుతుంటాయి.

రికార్డులతోనూ మా ప్రాంతానికి చుట్టరికం ఉంది. ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించింది మా మూడుచింతలపల్లిలోనే. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. సర్వే నంబరు కొట్టి చూస్తే ఆ స్థలం ఇంకా వ్యవసాయ భూమిగానే ఉందా, ఎవరి పేరున ఉంది అన్నది అర టీ తాగేలోపు తెలుస్తుంది. పోర్టల్ మారింది గానీ ఏజెంటు జవాబు మారలేదు: "ఆన్‌లైన్‌ల అప్‌డేట్ కావాలె సార్."

ఇన్ని ఉండీ మనం ఎందుకు అడగం? కొత్తిమీర కట్ట దగ్గర అరగంట బేరమాడే మనిషి నలభై లక్షల దగ్గర నోరెందుకు మూసుకుంటాడు? ఎందుకంటే కొత్తిమీర అమ్మేది పరాయివాడు. ప్లాటు అమ్మేది మా కొంపల్లి బావ.

బావ మంచివాడు. పెళ్లిళ్లలో వడ్డన ఆయనే చూసుకుంటాడు. ఆయన సోఫాలో కూర్చుని "నువ్వు మనోడివని చెప్తున్న, ఆదివారం దాటితే రేటు పెరుగుతది" అన్నాక, "బావా, రెరా నంబరేది?" అని ఎలా అడగడం? అక్కకు ఏమనిపిస్తుంది? నంబరు అడగడమంటే బావను దొంగ అన్నట్టేనని మన లెక్క. కంపెనీ వాడికి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. అందుకే ఎంబీఏ చదివినవాణ్ని కాకుండా బావను పెట్టుకుంటాడు. అగ్రిగోల్డ్ కంపెనీ సుమారు 32 లక్షల ఖాతాల మీద 6,380 కోట్ల దాకా పోగేసింది టీవీలో ప్రకటనలు చూసి మురిసినవాళ్ల నుంచి కాదు. ఎదురింటి వదిన, బడిపంతులు, పిన్ని కొడుకు ఏజెంట్లయ్యారు. మన మొహమాటమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. దానికి బ్యాంకు వడ్డీ కూడా ఉండదు.

బావను తప్పుపట్టలేం, ఆయన డబ్బూ అందులోనే ఉంది. తనది బయటపడాలంటే ఇంకో ఇద్దరిని చేర్చాలన్నారు, చేర్చాడు. ఆ తర్వాత కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. 'డ్రీమ్ హోమ్ ఫ్యామిలీ' వాట్సాప్ గ్రూపు పేరు 'బాధితుల ఐక్య వేదిక'గా మారింది. అడ్మిన్ మాత్రం మారలేదు.

మోసపోయినవాళ్లు చేసే ఘోరమైన పని నోరు మూసుకోవడం. పరువు పోతుందని మనం దాచిన ముచ్చటే పక్కింటివాడి చెక్కుబుక్కు తెరుస్తుంది. దాచినా దాగేదేం కాదు, బాధితుల జాబితా కూడా అమ్ముడుపోతుంది. నెల తిరక్కముందే ఓ మృదువైన గొంతు ఫోన్ చేసి, పోయిన డబ్బు రికవరీ చేస్తామనీ, ప్రాసెసింగ్ ఫీజు పాతిక వేలు పంపమనీ అంటుంది. లేదా ఖాకీ చొక్కా వేసుకున్నవాడు వీడియో కాల్‌లో "యూ ఆర్ అండర్ డిజిటల్ అరెస్ట్" అంటాడు. భారతదేశంలో అలాంటి అరెస్టు లేదని ప్రధానమంత్రే 2024 అక్టోబరులో రేడియోలో చెప్పారు. అలాంటి కాల్‌కు డబ్బు పంపి ఉంటే అవమానం రేపు పడొచ్చు, 1930కి ఫోన్ ఇప్పుడే చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు దూకేలోపు ఆపితేనే దొరికేది.

మా అల్వాల్ పెద్దమ్మకు ఈ మొహమాటం పుట్టుకతోనే లేదు. ఆదివారం ఏసీ కారు ఇంటి ముందుకొస్తే ఎక్కి కూర్చుని శామీర్‌పేట అవతలికి వెళ్లింది. టెంటు కింద సావధానంగా తిని, చేయి కడుక్కుని, ఏజెంటు పిల్లవాణ్ని దగ్గరికి పిలిచింది.

"గింత అగ్గువకు వస్తుంటే మీ సారు ఎన్ని కొన్నడు బిడ్డా?"

"సారు బిల్డర్ కదమ్మా..."

"మీ అమ్మకు ఒక్కటన్న కొనిచ్చినవా?"

పిల్లవాడు నీళ్లు నమిలాడు. లక్కీ డ్రాలో గోల్డ్ కాయిన్ ఉందని, ఆధార్, పాన్ జిరాక్స్ ఇమ్మని అడిగాడు. "బంగారం తగిలినంక తెస్త తీ" అంది. కొనని మనిషికి తిరుగు ప్రయాణంలో ఏసీ ఉండదు. పొద్దున కారు డోరు తీసి పట్టుకున్న డ్రైవరే సాయంత్రం శామీర్‌పేట బస్టాపులో దింపి వెళ్లిపోయాడు. పెద్దమ్మ జేబీఎస్ బస్సెక్కి, ఏజెంటుకు ఇవ్వని ఆధార్ కార్డు కండక్టర్‌కు చూపించి, జీరో టికెట్ మీద కిటికీ పక్కన సీటు పట్టుకుని అల్వాల్‌లో దిగింది. ఆదివారం మళ్లీ ఇంకో వెంచర్ వాళ్లు పిలిచారట, ఈసారి మటన్ అని కనుక్కున్నాకే వస్తానంది.